నల్లజాతి పిల్లలు హీరోలుగా ఉన్న బొమ్మల సినిమాలు: వేసవి శిబిరానికి ఏవి వేయాలి, ఎట్ల వేయాలి?

తుంగభద్ర_గట్టు, కర్నూలు

అందరికీ నమస్కారం. మే నెలలో కర్నూలులోని ఒక బడిలో పిల్లలకు వేసవి శిబిరం పెడుతున్నాం. ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా, అరవై మంది వస్తారు. వారానికి రెండు సాయంత్రాలు యానిమేషన్ సినిమా ఉంటుంది. ఇంతవరకు వేసిన వాటి జాబితా ముందరేసుకుని చూస్తే సింహాలు, చేపలు, కార్లు, రోబోలు, మంచుకొండల రాకుమార్తెలు ఉన్నారు. నల్లజాతి పాపో బాబో కథ నడిపించిన సినిమా ఒక్కటీ లేదు.

మా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది చామనచాయ, నలుపు. 'మీ బొమ్మ మీరు గీయండి' అంటే పెట్టెలో వెదికి మరీ లేత గులాబీ క్రేయాన్ తీసి మొగానికి రుద్దుతారు. వాళ్లకు దాని పేరే 'స్కిన్ కలర్'. గోధుమరంగు క్రేయాన్ చెట్ల మొదళ్లకు, కొండలకు తప్ప అరగదు. అందుకే ఈసారి సినిమాలు చూసి ఎంచుకోవాలనుకుంటున్నాం.

మూడు సంగతులు కావాలి. నల్లజాతి హీరో ఉన్న సినిమాలు ఏవి, ఏ వయసుకు ఏది? ఇవి ఇంత తక్కువ ఎందుకున్నాయని పెద్ద పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ఇక మూడోది పరికరాల సంగతి. బడి హాల్లో ప్రొజెక్టర్ వేస్తే చీకటి సీన్లలో నల్లటి మొగాలు గోడలో కలిసిపోతున్నాయి, కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనపడవు. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఆగాలంటే ముందు బొమ్మ సరిగ్గా పడాలి. ప్రొజెక్టర్ 3,000 ల్యూమెన్స్‌ది, గోడకు సున్నం కొట్టి ఉంది, ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ తీగ.

దేవుని_కడప, కడప

అన్నా, మంచి పని పెట్టుకున్నావు. జాబితా కంటే ముందు ఒక లెక్క చెప్తా. పోస్టరు మీద నల్లజాతి మనిషి ఉంటే చాలదు. సినిమాలో ఎంతసేపు ఆ మనిషి మనిషిగా, తన మొగంతో, తన గొంతుతో ఉన్నాడో గడియారం పెట్టి చూడాల.

డిస్నీ వాళ్ల 'స్నో వైట్' 1937లో వచ్చింది. వాళ్ల సినిమాలో నల్లజాతి అమ్మాయి రాకుమారి కావడానికి 2009 దాకా, అంటే 72 ఏళ్లు పట్టింది. ఆ సినిమా 'ది ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్'. 1920ల నాటి న్యూ ఆర్లీన్స్‌లో టియానా హోటల్లో వడ్డన పని చేస్తూ, సొంత హోటల్ పెట్టడానికి చిల్లర డబ్బులు డబ్బాల్లో దాచుకుంటుంది. కష్టం తెలిసిన, పని తెలిసిన పిల్ల. ఇంత మంచి పాత్ర అరగంట దాటగానే కప్పయిపోతుంది. తిరిగి మనిషి రూపంలో కనిపించేది చివర్లోనే.

పిక్సర్ మొదటి సినిమా 1995లో. నల్లజాతి హీరో వాళ్లకు 2020 డిసెంబర్ 25న వచ్చిన 'సోల్'తో గానీ దొరకలేదు. జో గార్డ్‌నర్ అనే సంగీతం మాస్టారు సినిమా మొదట్లోనే మ్యాన్‌హోల్‌లో పడి నీలిరంగు ఆత్మ అవుతాడు. భూమ్మీదికి తిరిగొచ్చినాక కూడా ఆయన ఒక పిల్లి లోపల ఉంటాడు. ఆయన శరీరాన్ని 22 అనే వేరే ఆత్మ నడుపుతుంటుంది, దాని గొంతు టీనా ఫే అనే తెల్లజాతి నటిది. 2019 నాటి 'స్పైస్ ఇన్ డిస్గైజ్'లో విల్ స్మిత్ గొంతిచ్చిన గూఢచారి పావురం అవుతాడు.

కప్ప, పిల్లి, పావురం. ఇది కావాలని చేసిన కుట్ర అని నేననను. మనిషి జంతువు కావడం బొమ్మల సినిమాకు పుట్టుకతో వచ్చిన విద్య. తెల్లజాతి రాకుమారుడు ఎలుగుబంటి అయినా నష్టం లేదు, మనిషిగానే ఉండే రాకుమారులు ఇంకో యాభై మంది ఉన్నారు. వేళ్ల మీద లెక్కపెట్టే హీరోల్లో ముగ్గురికి సొంత మొగం పోతే మాత్రం అది పెద్ద వాటా.

మొగం మొగంగానే ఉన్నవి ఇవీ. 'హెయిర్ లవ్', 2019, దాదాపు ఏడు నిమిషాలు. జూరీ అనే పాప ఉంగరాల జుట్టును నాన్న దువ్వి ముడి వేయడమే కథ. మాటలు చాలా తక్కువ కాబట్టి డబ్బింగ్ తంటా లేదు. మాథ్యూ చెర్రీ అనే ఆయన జనం దగ్గర చందాలు పోగేసి మొదలుపెట్టినాడు, 2020లో ఆస్కార్ వచ్చింది. సోనీ వాళ్లే యూట్యూబ్‌లో పెట్టినారు. అమ్మ ఆస్పత్రిలో ఉండటం చివర్లో తెలుస్తుంది. ఇంట్లో అట్లాంటి జబ్బు ఉన్న పిల్లలుంటే పక్కన పెద్దవాళ్లు కూర్చోండి.

'హోమ్', 2015, గంటన్నర. టిప్ అనే పాప కారేసుకుని అమ్మను వెదుక్కుంటూ పోతుంది, ఆఖరి దాకా తన రూపంలోనే. ఐదేళ్ల వాళ్లకూ నడుస్తుంది. 'ద సీ బీస్ట్', 2022, మేసీ అనే పాప ఓడెక్కి సముద్రపు రాక్షసాల కథల్లో అబద్ధం ఎంతో కనిపెడుతుంది. దాదాపు రెండు గంటలు, ఎనిమిదేళ్లు దాటినోళ్లకు. మధ్యలో పది నిమిషాలు ఆపండి.

'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్-వర్స్', 2018. మైల్స్ మొరాలెస్ బ్రూక్లిన్ పిల్లోడు, నాన్న నల్లజాతి, అమ్మ ప్యూర్టోరికో మూలాలున్నామె. ముసుగు ఉన్నా మొగం ఎక్కువసేపు కనపడుతుంది, ఇంట్లో అమ్మానాన్నలతో ఉన్న సీన్లు బాగా నిలుస్తాయి. రంగులు టపటపా కొట్టుకునే వెలుగులు ఎక్కువ. మూర్ఛ ఉన్న పిల్లలు ఉన్నారేమో తల్లిదండ్రుల్ని ముందే అడగండి. రెండో భాగం 2023లో తెలుగుతో కలిపి పది భాషల్లో మన దేశంలో విడుదలైంది. అయితే దాని కథ మధ్యలో ఆగుతుంది, మొదటిది చూడకుండా వేయొద్దు.

'కిరికూ అండ్ ద సార్సరెస్', 1998, గంటా పది నిమిషాల పైన. ఫ్రెంచి దర్శకుడు మిషెల్ ఒసెలో చిన్నప్పుడు గినీలో పెరిగినాడు. పశ్చిమ ఆఫ్రికా పల్లె కథ, ఊరు ఊరంతా నల్లవాళ్లే. అందరూ నల్లవాళ్లయితే హీరో నలుపు ప్రత్యేకం కాదు, అదే దీని బలం. కిరికూ బట్టల్లేకుండా తిరిగే బుడ్డోడు, ఆడవాళ్ల పై ఒంటి మీద గుడ్డ ఉండదు. కప్పమని బయటి దేశాల వాళ్లు అడిగినా ఒసెలో ఒప్పుకోలేదు. తల్లిదండ్రులకు ముందే చెప్పి వేయండి. భయపడి ఆ సీన్ల దగ్గర చెయ్యి అడ్డం పెడితే చూసే పిల్లలకు లేని సిగ్గు నేర్పినట్లవుతుంది. నేనైతే తప్పకుండా వేస్తా.

'వెండెల్ అండ్ వైల్డ్' (2022)లో నల్లజాతి పిల్లే హీరోయిన్, కానీ దయ్యాలు, చావులు ఎక్కువ. పన్నెండేళ్ల లోపు వద్దు. 'సోల్' పదేళ్లు దాటినోళ్లకు వేయండి, మంగలి అంగడి సీన్ కోసమైనా చూపాల్సిన సినిమా.

చిత్రావతి, అనంతపురం

హాలు సంగతి నేను చెప్తాను. మొగాలు మాయమవడానికి ప్రొజెక్టర్ చెడిపోనక్కర్లేదు, లెక్కే అట్ల ఉంది.

100 అంగుళాల బొమ్మ అంటే ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. 3,000 ల్యూమెన్స్ దాని మీద పడితే తెల్లటి చోట సుమారు 1,080 లక్స్ (ఒక చదరపు మీటరు మీద పడే వెలుగు లెక్క). కెమెరావాళ్లు వాడే 24 గళ్ల రంగుల అట్టలో చర్మం గళ్లు రెండుంటాయి. లేత చర్మం గడి వెలుగులో 35 శాతం వెనక్కి పంపుతుంది, ముదురు చర్మం గడి 10 శాతమే. రాత్రి సీన్ అని వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించారనుకోండి. గోడ మీద లేత మొగానికి 47 లక్స్, ముదురు మొగానికి 13 లక్స్ వస్తాయి.

ఇప్పుడు కిటికీల సందుల్లోంచి, వరండా ట్యూబ్‌లైటు నుంచి గోడ మీద ముందే 100 లక్స్ పడుతోందనుకోండి. లేత మొగం 147, పక్కన ఖాళీ గోడ 100, కాబట్టి కనపడుతుంది. ముదురు మొగం 113, గోడ 100, కంటికి తేడా సరిగ్గా తెలియదు. ఒకే హాలు, ఒకే ప్రొజెక్టర్, ఒక పాత్ర మొగం నిలుస్తుంది, ఇంకోటి పోతుంది. బయటి వెలుగును 10 లక్స్‌కు తెస్తే ఆ ముదురు మొగమే 23కు 10గా కనపడుతుంది, అంటే రెండింతల పైన. అందుకని డబ్బు పెట్టి పెద్ద ప్రొజెక్టర్ తెచ్చే కంటే కిటికీలు మూయడం ముందు.

చేయాల్సింది: మే నెలలో మన దగ్గర పొద్దు గుంకేది 6:40 ప్రాంతంలో. హాల్లోనైనా మిద్దె మీదైనా 7:15 కంటే ముందు మొదలుపెట్టొద్దు. కిటికీలకు పల్చటి కర్టెన్ పనికిరాదు, నల్ల ప్లాస్టిక్ పట్టా గానీ గోనెపట్టా గానీ రెండు మడతలు కట్టండి. చాలామంది మరిచేది పక్క గోడలు. సున్నం కొట్టిన పక్క గోడలు, పైకప్పు బొమ్మ వెలుగునే మళ్లీ బొమ్మ మీదికి కొడతాయి. తెరకు రెండు పక్కలా ఆరడుగుల దాకా ముదురు దుప్పట్లు వేలాడదీయండి, తేడా వెంటనే తెలుస్తుంది.

బొమ్మను 100 అంగుళాలు దాటనీయొద్దు. 150 చేస్తే వైశాల్యం రెండుంపావు రెట్లు, వెలుగు సగానికంటే తక్కువ. అరవై మందికి చిన్నదనిపిస్తే ముప్పై ముప్పై మందికి రెండు ఆటలు వేయండి. పాత ల్యాంపు అయితే 3,000 అని పెట్టె మీద ఉన్నా సగమే ఇస్తుంది, ఎకో మోడ్ తీసేయండి.

ప్రొజెక్టర్ మెనూలో 'డైనమిక్' లేదా 'ప్రెజెంటేషన్' ఉంటే మార్చి 'సినిమా' పెట్టండి. డైనమిక్‌లో ఆకుపచ్చ ఎక్కువ కొడుతుంది, గోధుమరంగు చర్మం పాచి పట్టినట్లు కనపడుతుంది. 'బ్రిలియంట్ కలర్' అని ఉంటే బాగా తగ్గించండి, అది ఎక్కువగా తెలుపును పెంచుతుంది, చర్మం రంగులు దాని పక్కన ఇంకా మసకవుతాయి. 'బ్రైట్‌నెస్' మీటను ముట్టుకోవద్దు, నలుపంతా బూడిద రంగయ్యి మొగం తేలదు. మార్చాల్సింది గామా, అంటే నలుపు, తెలుపు అట్లనే ఉంచి మధ్య ఛాయల వెలుగును మార్చే మీట. మొగాల్లో చెంపలు, ముక్కు అంచు విడివిడిగా కనపడేదాకా ఒక్కో మెట్టు జరపండి.

కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనపడట్లేదన్నారే, అది నాకు హెచ్‌డీఎంఐ తేడాలాగా ఉంది. ల్యాప్‌టాప్ నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును 0 నుంచి 255 అంకెలుగా పంపుతుంటే, ప్రొజెక్టర్ 16 నుంచి 235 అనుకుని చదువుతుంటే, 16 కంటే కింద ఉన్నదంతా ఒకటే నలుపైపోతుంది, దాని పైన ఉన్న ముదురు ఛాయలూ కిందికి దిగుతాయి. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో 'క్వాంటైజేషన్ రేంజ్' అనో 'అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్' అనో ఉంటుంది. అక్కడ 'ఫుల్' పెడితే ప్రొజెక్టర్‌లోనూ ఫుల్ పెట్టండి, 'లిమిటెడ్' అయితే రెండింట్లోనూ లిమిటెడ్. ఒకటి ఒకలా ఇంకొకటి ఇంకొకలా ఉంటేనే చిక్కు.

ఎండాకాలం కాబట్టి ప్రొజెక్టర్ గాలి కన్నాలకు అడుగు దూరంలో ఏమీ పెట్టొద్దు, ఫిల్టర్ దుమ్ము దులపండి. కరెంటు పోతే ఫ్యాన్ ఆగి ల్యాంపు ఉడికిపోతుంది. కంప్యూటర్ యూపీఎస్ చిన్నదైనా సరే తగిలిస్తే చల్లారడానికి కావలసిన రెండు మూడు నిమిషాలు దక్కుతాయి.

హంద్రీ_నీవా, అనంతపురం

ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దండి. అమెరికాలో నల్లవాళ్ల బాధ అమెరికాది. మన పిల్లలకు మన కథలు లేవా? నిమ్మలకుంట తోలుబొమ్మలు ధర్మవరం పక్కనే ఉండాయి. ఆ కళాకారుల్ని పిలిపించి ఒక రాత్రి ఆడిస్తే పోదా?

దేవుని_కడప, కడప

తప్పకుండా ఆడించాల, దానికి ఇది అడ్డం కాదు. కానీ మన పిల్లలు చూసే కార్టూన్ల సంగతి కూడా చూడన్నా. పోతన నల్లనివాడన్న కృష్ణుణ్ణి మనవాళ్లే నీలం పూసి చూపిస్తున్నారు. నీలం చర్మం ఉన్న పిల్లోడు మన వీధిలో ఎవడూ లేడు. నల్లటి చర్మం నల్లగానే, వెలుగులో, కథ మధ్యలో నిలబడి నవ్వడం ఒక పిల్ల చూడాలంటే ప్రస్తుతానికి ఈ సినిమాలే ఎక్కువ దొరుకుతాయి. అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు 1940ల్లో మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్లదాన్నే చూపినారు. బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు ఆ పరిశోధనను కూడా ప్రస్తావించింది. కర్నూలు పిల్లలు గులాబీ క్రేయాన్ తీయడం దానికి చాలా దూరమా?

రంగుల_పెట్టె, కడప

రెండో ప్రశ్నకు వస్తాను. ఇంత తక్కువ ఎందుకంటే ఒక్క కారణం చెప్పి వదిలేయలేం.

మొదట్లో అమెరికా కార్టూన్లలో నల్లజాతి బొమ్మలు లేక కాదు. పెద్ద పెదాలు, గుండ్రటి కళ్లతో ఎగతాళి బొమ్మలు బోలెడు ఉండేవి. 1940 నాటి 'ఫాంటేసియా'లో నడుం కింద గుర్రం ఒళ్లున్న తెల్ల అమ్మాయిల గిట్టలు తుడిచే నల్లటి పాత్రను పెట్టి, 1960ల్లో ఆ ముక్కలను కత్తిరించారు. వార్నర్ వాళ్ల పాత కార్టూన్లలో పదకొండింటిని 1968లో టీవీకి ఇవ్వడం ఆపేశారు. ఆపడం సరైనదే. కానీ వాటి జాగాలో నల్లజాతి మనుషుల్ని గౌరవంగా గీసే పని మొదలుకాలేదు, ఆ జాగా ఖాళీగా మిగిలింది. 1994లో 'ద లయన్ కింగ్' ఆఫ్రికాలో జరుగుతుంది, మనిషి జాడ లేదు. 1999లో 'టార్జాన్' ఆఫ్రికా అడవిలోనే, ఆఫ్రికా మనిషి ఒక్కడూ లేడు. ఫ్లాయిడ్ నార్మన్ అనే నల్లజాతి యానిమేటర్ 1956లోనే డిస్నీలో చేరాడు, గీయగలవాళ్లు లేరనే సాకు కుదరదు. ఏ కథ తీయాలో తేల్చే కుర్చీలో ఎవరున్నారన్నదే అసలు సంగతి. ఆ కుర్చీ దగ్గరికి నల్లజాతి మనుషులు వచ్చాక ఏం మారిందో చూడండి: 'స్పైడర్-వర్స్' ముగ్గురు దర్శకుల్లో పీటర్ రామ్సీ ఒకడు. 'సోల్'కు రచయితగా వచ్చి సహదర్శకుడైన కెంప్ పవర్స్ వల్లే అందులో మంగలి అంగడి సీన్ పుట్టింది.

తర్వాత డబ్బు. 'ది ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్'కు 10.5 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి సుమారు 27 కోట్లు వచ్చాయి. అనుకున్నంత ఆడలేదన్నారు. అది అన్ని ఊళ్లలో విడుదలైన వారానికే 'అవతార్' వచ్చింది, దాన్ని తక్కువ మంది లెక్కేస్తారు. తెల్లజాతి హీరో సినిమా పోతే కథ బాగాలేదంటారు, నల్లజాతి హీరోది తగ్గితే ఇట్లాంటి హీరోలు ఆడరంటారు. ఒక్క సినిమాకు నాలుగైదేళ్లు పడుతుంది కాబట్టి ఆ ఒక్క మాట పదేళ్లు నష్టం చేస్తుంది. 'స్పైడర్-వర్స్' మొదటిది 9 కోట్లతో తీస్తే 37 కోట్లకు పైగా, రెండోది ఒక్కటే సుమారు 69 కోట్లు తెచ్చింది. ఆడరన్న మాటకు ఇక ఆధారం లేదు.

మూడోది చేతిపని, దీని గురించి ఎవరూ పిల్లలకు చెప్పరు. చెప్పాలి, వాళ్లలో రేపు బొమ్మలు చేసేవాళ్లు ఉంటారు. కంప్యూటర్‌లో చర్మం చేసేటప్పుడు 'సబ్‌సర్ఫేస్ స్కాటరింగ్' అని ఒక లెక్క ఉంటుంది. వెలుగు చర్మం లోపలికి దిగి చెదిరి ఎర్రగా బయటికి రావడం అది. లేత చర్మానికి జీవం దాంతోనే వస్తుంది. ముదురు చర్మంలో మెలనిన్ (చర్మానికి ముదురు రంగిచ్చే పదార్థం) ఆ వెలుగును మింగేస్తుంది కాబట్టి కంటికి తెలిసేది ఎక్కువగా పైపొర మెరుపు. లేత చర్మానికి కుదిర్చిన సెట్టింగునే ఉంచి రంగు మాత్రం ముదురు చేస్తే మట్టిబొమ్మ వస్తుంది. దాన్ని సరిచేయడానికి వెలుగు పెంచితే బూడిద పూసినట్లవుతుంది.

బ్లెండర్‌లో (ఉచిత 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్) చేసేవాళ్లకు: బేస్ కలర్‌ను బూడిద వైపు జరపొద్దు, ఎరుపు, పసుపు పాళ్లు నిలవనీయండి. సబ్‌సర్ఫేస్ తగ్గించి రఫ్‌నెస్ (మెరుపు ఎంత మసకగా ఉండాలో చెప్పే విలువ) మీద పని చేయండి. నుదురు, ముక్కు దగ్గర 0.3, చెంపల మీద 0.45 ప్రాంతంలో మొదలుపెట్టి ఒక మ్యాప్ గీసుకోండి, మొగమంతా ఒకే విలువ పెడితే ప్లాస్టిక్. చిన్న దీపం వద్దు, పెద్ద ఏరియా లైట్ పక్కనుంచి పెడితే దాని ప్రతిబింబమే చెంప ఆకారాన్ని గీస్తుంది. వెనక గోడ మొగమంత ముదురుగా ఉండకూడదు, రెండరింగ్‌ను నలుపు తెలుపు చేసి చూస్తే మొగం విడిగా నిలవాలి. 'సోల్'కు పిక్సర్ వాళ్లు బ్రాడ్‌ఫోర్డ్ యంగ్ అనే నల్లజాతి ఛాయాగ్రాహకుణ్ణి వెలుగుల సలహాకు పిలిపించింది ఇందుకే.

జుట్టు ఇంకా కష్టం. సాఫ్ట్‌వేర్లు చాలా కాలం నిటారు జుట్టును చూసుకునే తయారయ్యాయి. బిగుతు ఉంగరాల జుట్టులో ప్రతి వెంట్రుకా ఒక స్ప్రింగ్, పక్కదానికి చుట్టుకుంటుంది, కదిలినప్పుడు గుంపుగా కదులుతుంది. కానీ డబ్బు పెడితే కానిది కాదు. 2012లో 'బ్రేవ్' సినిమాలో తెల్లజాతి రాకుమారి ఎర్ర ఉంగరాల కోసం పిక్సర్ కొత్త సిమ్యులేటర్ రాసుకుని, 1,500 ఉంగరాలను ఒక్కొక్కటిగా అమర్చింది. ఇప్పుడైతే బ్లెండర్ 3.5 నుంచి 'కర్ల్ హెయిర్ కర్వ్స్', 'బ్రెయిడ్ హెయిర్ కర్వ్స్' ఉచితంగానే ఉన్నాయి. మొదట కొన్ని గైడ్ వెంట్రుకలు పెట్టి, క్లంప్ చేసి, ఆ తర్వాత కర్ల్, ఆఖర్న ఫ్రిజ్ (చెదిరి లేచే వెంట్రుకలు). ఈ వరుస తిరగేస్తే ఉంగరాలు విడిపోయి పీచులాగా లేస్తాయి. ప్రిన్సిపుల్డ్ హెయిర్‌లో మెలనిన్ 1 దగ్గర ఉంచి రఫ్‌నెస్ కొంచెం తగ్గించండి, లేకపోతే నల్లజుట్టు మెరుపు లేని గుడ్డ ముక్కలా కనపడుతుంది.

తుంగభద్ర_గట్టు, కర్నూలు

చిత్రావతి గారూ, రెండు చోట్లా ఫుల్ పెట్టి చూశాం. మైల్స్ మొగం రాత్రి సీన్లో కూడా తెలిసింది. చాలా థ్యాంక్స్.

ఇంకో రెండు అడుగుతాను. సినిమా అయ్యాక పిల్లలతో ఏం మాట్లాడాలి, రంగులతో ఏమైనా చేయించవచ్చా? ఓటీటీ అకౌంట్‌తో బడిలో వేయవచ్చా?

పుష్పగిరి, కడప

అక్కగా చెప్తున్నా, ముందు చేయకూడనివి. 'మీలో ఇట్ల నల్లగా ఎవరున్నారు' అని అడగొద్దు. నల్లటి పిల్లను లేపి తెర పక్కన నిలబెట్టొద్దు, ఎంత మంచి మనసుతో చేసినా ఆ పిల్లకు అది శిక్షే. పాత్రను రంగుతో పిలవకండి. జూరీ, టిప్, మేసీ, మైల్స్ అని పేర్లతో పిలవండి, పిల్లలు అదే పట్టుకుంటారు. 'హెయిర్ లవ్' అయ్యాక మీ ఇంట్లో జడ ఎవరేస్తారు, చిక్కు ఎట్ల తీస్తారు, నూనె ఎప్పుడు పెడతారు అని అడిగితే చాలు. మొగపిల్లలు కూడా చెల్లెళ్ల సంగతి చెప్తారు. పదేళ్లు దాటిన వాళ్లకు టియానా సినిమా వేసి 'ఆమె ఎంతసేపు మనిషిగా ఉంది' అని వాళ్లనే టైం రాయమనండి. ఎందుకట్ల అనే ప్రశ్న వాళ్ల నోట్నుంచే వస్తుంది.

రంగుల పని 'హెయిర్ లవ్' మర్నాడు పొద్దున పెట్టుకోండి. క్రేయాన్లు దాచేసి పోస్టర్ కలర్స్ ఇవ్వండి. ఆ లేత గులాబీకి 'ఫ్లెష్' అని పేరు పెట్టిన అమెరికా క్రేయాన్ కంపెనీయే 1962లో దాన్ని 'పీచ్' అని మార్చింది, మన పెట్టెల్లో ఆ అలవాటు ఇంకా పోలేదు. నలుగురు పిల్లలకు ఒక పళ్లెం: బర్న్ట్ సియెన్నా నాలుగు చుక్కలు, ఎల్లో ఓకర్ రెండు, అల్ట్రామెరిన్ నీలం అర చుక్క. ఇది మధ్య గోధుమ. ముదురు కావాలంటే నీలం ఇంకో అర చుక్క, వెచ్చగా కావాలంటే ఎరుపు పిసరంత. నలుపు రంగు బుడ్డీ బయటికి తీయొద్దు. నలుపు, పసుపు కలిస్తే ఆకుపచ్చ తిరుగుతుంది, చర్మం చచ్చిన రంగవుతుంది. తెలుపు చివర్న, కుంచె కొనతో. ముందే తెలుపు పోస్తే ఇక ఎంత కలిపినా సుద్దలాగే ఉంటుంది.

కలిపింది కాగితం అంచున పూసి, ఆరనిచ్చి, ముంజేతి పక్కన పెట్టి చూడమనండి. చేతి మీద పూయొద్దు. పోస్టర్ రంగుల్లో ముదురువి ఆరితే కొంచెం లేతగా తేలతాయి, అందుకని తడిలో ఒక మెట్టు ముదురు ఉండాలి. ట్యూబ్‌లైటు కింద వద్దు, కిటికీ పక్క నీడలో చేయించండి. మే ఎండకు పళ్లెంలో రంగు పది నిమిషాల్లో గట్టిపడుతుంది, తడిగుడ్డ కప్పి ఉంచండి. ఆఖర్న ఎవరి పట్టీ మీద వాళ్ల పేరు రాసి అన్నీ కలిపి అట్టకు అంటించండి. వరసలో లేత నుంచి ముదురుకు పేర్చొద్దు, అట్ల చేస్తే మళ్లీ పోటీ మొదలవుతుంది. పేర్ల అక్షరక్రమంలో పెట్టండి.

చిత్రావతి, అనంతపురం

ఓటీటీ చందా ఇంటి వాడకానికే, వాళ్ల షరతుల్లోనే రాసి ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా టీచర్లు, విద్యార్థులు, తల్లిదండ్రులు, ఆ సంస్థ పనులతో సంబంధమున్న వాళ్లకు మాత్రమే సినిమా చూపడానికి మినహాయింపు ఉంది. కాబట్టి శిబిరాన్ని బడి కార్యక్రమంగా హెడ్మాస్టరు గారి కాగితంతో పెట్టండి, టికెట్టు పెట్టొద్దు, ఊరందరికీ ఫ్లెక్సీ కట్టి పిలవొద్దు. డిస్క్ దొరికిన సినిమాకు డిస్కే వాడండి, ఇంటర్నెట్ మధ్యలో మందగిస్తే బొమ్మ నాణ్యత పడిపోయి మళ్లీ ముందు పోయేది ముదురు రంగుల్లోని వివరాలే.

తెలుగు ట్రాక్ లేని సినిమాకు ఒకరు మైకు పట్టుకుని కథ చెప్పాలి. ముందు రోజు సినిమా చూసి, ఎక్కడ ఆపాలో నిమిషాలతో సహా రాసుకోండి. సీన్ మీద మాట్లాడకుండా, సీన్ కంటే ముందు రెండు వాక్యాలు చెప్పి వదిలేయండి. సబ్‌టైటిల్స్ పెడితే బొమ్మ కింది అంచు నేల నుంచి నాలుగడుగుల పైన ఉండాలి, లేకపోతే ముందు వరస తలలు అక్షరాలను మింగేస్తాయి. చిన్నపిల్లల్ని ముందర జంపఖానా మీద, పెద్దవాళ్లను వెనక బెంచీల మీద కూర్చోబెట్టండి. మొదటి వరస తెరకు ఎనిమిదడుగుల కంటే దగ్గరికి రాకూడదు.